ఊపిరి లెక్క ఇల్లు చేరిన కథ

ఫోనులో గంట మోగగానే కళ్లు మూసుకుని పది నిమిషాలు ఊపిరిని గమనించేవారు ఇప్పుడు ప్రతి కాలనీలోనూ కనిపిస్తున్నారు. ఈ మైండ్‌ఫుల్‌నెస్ అమెరికా నుంచి వచ్చిందనుకునేవారూ ఉన్నారు. నిజానికి దాని మూలం పాళీ భాషలోని సతిపట్ఠాన సుత్తం. కురు దేశంలో బుద్ధుడు బోధించాడని చెప్పే ఆ సుత్తంలో మొదటి పాఠమే ఊపిరి. పొడవుగా పీలిస్తే పొడవుగా పీల్చానని, పొట్టిగా పీలిస్తే పొట్టిగా పీల్చానని తెలుసుకుంటూ ఉండాలి. అంతే.

అంత తేలికగా మనసు నిలుస్తుందా? నిలవదనే 5వ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడనే భిక్షువు 'విశుద్ధిమగ్గ' అనే గ్రంథంలో లెక్క నేర్పాడు. ఊపిరిని మొదట ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కపెట్టాలి. కళ్లంలో 'లాభం, రెండు, మూడు' అంటూ కుంచం కొలిచేవారిని చూసినవారికి ఆ నిదానం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. లెక్క అయిదుకు తగ్గకూడదు, తగ్గితే మనసు ఇరుకున పడి కొట్టుకుంటుంది. పదికి మించకూడదు, మించితే ఊపిరిని వదిలి అంకెను పట్టుకుంటుంది. కుదురు చిక్కాక, దొడ్డి వాకిట్లో గులకరాళ్లతో ఆవుల్ని లెక్కపెట్టే కాపరిలా వేగం పెంచాలి. ఆ తర్వాత లెక్కనే వదిలేయాలి. ఏకాగ్రత గురించి ఇంత పనికొచ్చే మాట నేను మరెక్కడా చదవలేదు.

శతాబ్దాల పాటు ఈ సాధన ఎక్కువగా భిక్షువుల దగ్గరే ఉండిపోయింది. 1885లో ఇంగ్లీషువాళ్లు బర్మాలో మాండలే పట్టుకుని తీబా రాజును రత్నగిరికి పంపేశారు. రాజాశ్రయం పోయాక ధర్మాన్ని కాపాడేదెవరు? లెడీ సయడా అనే భిక్షువు సంసారులకూ ధ్యానం నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన శిష్యుడు సయా తెజీ వ్యవసాయదారుడు. తెజీ శిష్యుడు ఊ బా ఖిన్ 1948లో స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్ అయ్యి, ఆఫీసులోనే సిబ్బందికి ధ్యానం నేర్పాడు. ఈ కథలో అసలు మలుపు అదేనని నా అభిప్రాయం. ఉద్యోగం, సంసారం వదలకుండానే ఇది సాధ్యమని ఆ ఆఫీసు నిరూపించింది.

మైగ్రేన్ తలనొప్పితో సతమతమవుతూ 1955లో ఊ బా ఖిన్ దగ్గర చేరిన వ్యాపారి సత్యనారాయణ గోయంకా. విపశ్యన అనే ఈ ధ్యానాన్ని 1969లో భారతదేశానికి తెచ్చింది ఈయనే. 1994లో తీహార్ జైలులో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకే శిబిరంలో కూర్చున్నారు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో, మొండి నొప్పులతో బాధపడే రోగుల కోసం ధ్యానాన్ని కొన్ని వారాల శిక్షణగా మలిచాడు. ఫోనులోకి వచ్చింది ఎక్కువగా ఆ దారినే.

హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర, నాగార్జునసాగర్ రోడ్డు మీద గోయంకా సంప్రదాయపు కేంద్రం ధమ్మఖేత్త ఉంది. పది రోజుల శిబిరానికి రుసుము లేదు, పూర్వ సాధకుల విరాళాలతోనే భోజనం, వసతి నడుస్తాయి. మొదటి మూడు రోజులూ ఊపిరిని గమనించడమే పని. సెలవు దొరికితే వెళ్లి కూర్చోండి.