మూసీనదియు హైదరాబాదు చెరువులును

హైదరాబాదు నగరమున మాసాబుట్యాంకు అను పేట గలదు. అచ్చట నివసించు నా శిష్యుడొకడు, "మా పేటలో ట్యాంకు ఎక్కడ నున్నదండీ?" అని తరగతిలో నన్నడిగెను. పేరు మిగిలినది, చెరువు పోయినది అని మాత్రము చెప్పి పాఠమునకు మరలితిని. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

దక్కను పీఠభూమిలో వాన కురియునది నాలుగు నెలలు. త్రాగవలసినది పండ్రెండు నెలలు. కావున పూర్వులు ప్రతి పల్లమునకును కట్ట వేసిరి. ఒక చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు క్రిందిచెరువును జేరును. అది నిండినచో మఱియొకటి. ఇట్లు గొలుసుగా సాగి, మిగిలిన నీరు మాత్రమే నదిలో గలియును. చెరువు నిండినపుడు మునుగు శిఖపునేలలో వేసవిని పైరు వేసికొన్నను, ఇల్లు మాత్రము ఎవ్వరును కట్టెడివారు కారు. నగరము 1591లో వెలసినది. హుస్సేనుసాగరము అంతకు సుమారు ముప్పదియేండ్లు ముందే త్రవ్వబడినది. ఈ వరుస గమనింపదగినది. ముందు నీరు, పిమ్మట ఊరు.

ఈ గొలుసునకు గొప్ప పరీక్ష 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చెను. అనంతగిరి కొండలలో బుట్టి నగరమధ్యమున బాఱు మూసీ, ఎడతెగని వానలకు బొంగి వీధులను ముంచివైచెను. అఫ్జలుగంజి ఆసుపత్రి కూలిపోయినది. ఆ యావరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు బ్రతికిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున నున్నది. మృతులు 15,000 మంది వరకు నుందురని అంచనా. మఱుసటియేట నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. ఆయన నదిని మాత్రమే చూచి యూరకుండలేదు. నదికి నీరు వచ్చు ప్రదేశమంతయు బరిశీలించెను. ఆ ప్రదేశమున 788 చెరువులుండగా వానిలో 221 తెగినట్లు తేలినది. పైకట్ట తెగినచో ఆ నీరంతయు నొక్కమాఱుగా క్రిందికట్టపై బడును, అదియు దెగును. కాపాడవలసిన గొలుసే యిట్లు ఉత్పాతమునకు దోడ్పడినది. కట్టలను గట్టుట యొక్కటే చాలదు, ఏటేట గనిపెట్టి యుండవలెనని దీనివలన దెలియుచున్నది.

ఆయన సూచన ననుసరించి నగరమునకు ఎగువను మూసీపై ఉస్మానుసాగరము 1920లోను, దాని యుపనది యగు ఈసీపై హిమాయతుసాగరము 1927లోను పూర్తియైనవి. వరదభయము తగ్గెను, కొళాయిలలో మంచినీరు వచ్చెను. అది మహోపకారము, సందేహము లేదు. అయితే నా కొకటి తోచుచున్నది. నీరు గొట్టములో వచ్చుట మొదలైన పిమ్మట ఇంటిప్రక్క చెరువుతో గృహస్థునకు బని లేకపోయెను. 1965లో మంజీరయు, తరువాత కృష్ణయు, 2015లో గోదావరియు వచ్చి చేరినవి. నూఱు కిలోమీటర్లకు మించిన దూరమునుండి నీరు వచ్చుచుండగా ముంగిటి చెరువు మురికిగుంట యైనను, ఇండ్లస్థలములైనను అడుగువా రెవ్వరు? ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతయు గబ్బిలముల కంపు అన్నట్లు, హుస్సేనుసాగరము పేరుకు సాగరమే గాని కర్మాగారముల మడ్డియు, ఇండ్ల మురుగును దానిలో జేరినవి.

ప్రభుత్వము కన్నులు మూసికొని యుండెనని యనుట న్యాయము గాదు. రెండు జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కర్మాగారములను పెద్దకట్టడములను నిషేధించుచు 1996లో ఉత్తర్వు వెలువడినది. హాని సంపూర్ణముగా ఋజువగువఱకు వేచియుండక ముందే జాగ్రత్త వహింపవలెనని 1999లో సుప్రీంకోర్టు ఈ జలాశయముల విషయముననే చెప్పెను. 2022లో మఱియొక యుత్తర్వు ఆ నిషేధమును సడలించినది. ఆ గ్రామములలోని రైతుల మొఱయు వినదగినదే: నగరము త్రాగుటకై తమ భూముల వెలను తా మేల పోగొట్టుకొనవలె నని వారడుగుచున్నారు. దీనికి నగరవాసులము సరియైన ప్రత్యుత్తర మింతవఱకు నీయలేదు.

ఇంతలో వాన తన త్రోవ మార్చుకొన్నది. 2000 ఆగస్టు 24న నొక్కదినములో 24 సెంటీమీటర్ల వర్షము కురిసెను. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు. ఆ వానలు ఎగువకొండలపై గాక నగరము నెత్తినే కురిసినవి. పైనున్న జలాశయములు దీని కేమి చేయగలవు? గగనపహాడువద్ద అప్పచెరువు తెగి రాజమార్గమును ముంచెను. కొలదిదినములలోనే బాలాపురపు గుఱ్ఱపుచెరువు తెగి పల్లపు వాడలు మునిగినవి. 1908లో తెగినవి పల్లెచెరువులు. ఇపుడు వాని క్రింద పొలములకు మారుగా ఇండ్లున్నవి.

ఆ యక్టోబరున మా యింటిలో మోకాలిలోతు నీరు నిలిచెను. ఆ స్థలము కొనునాడు గాలి, వెలుతురు, బడికి దూరము ఇన్నియు విచారించితిని. నేల పల్లము విచారింపలేదు. పుస్తకములు మేడమీది కెక్కించుచుండగా, పాలు తెచ్చు ముసలమ్మ గుమ్మమున నిలిచి, "ఇది శిఖమే గదయ్యా! మా చిన్నప్పుడు ఇక్కడ బర్రెలు ఈదేవి" అనెను. పదియేండ్లుగా ఆమె మాకు పాలు పోయుచున్నది. నే నామెను ఎన్నడును అడుగలేదు.