ప్లేగు వదంతులు – 1898 నాటి శిక్షాస్మృతి సవరణ

మహామారి ప్రబలినపుడు వ్యాధితోపాటు వదంతియు వ్యాపించును. దానిని శిక్షించుటకు ప్రభుత్వములు చట్టములు చేయుట సహజమే. కాని సత్యాసత్యములను రుజువు చేయు భారమెవరిది? మనదేశపు చట్టము దీనికిచ్చిన సమాధానము 1898లో మారినది. ఆ మార్పును ఇచట పరిశీలింతము.

1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపినది. రోగులను ఆసుపత్రులకు బలవంతముగా తరలింపగా, అచట వారిని చంపి దేహములనుండి ‘మోమియాయి’ అను ఔషధమును తీయుదురను పుకారు పుట్టినది. ఆ అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడి చేసిరి. వదంతి వలని కీడు కల్పితము కాదు. 1897 ఫిబ్రవరిలో వెలువడిన అంటువ్యాధుల చట్టములో ఉత్తర్వుల ధిక్కారమునకు శిక్ష కలదు గాని వదంతుల ప్రస్తావన లేదు. వానికి వర్తింపదగినది 1860 నాటి శిక్షాస్మృతిలోని 505వ సెక్షను. అసత్యమని ఎరిగియు, ప్రజలను భయపెట్టి ప్రభుత్వమునకు గాని ప్రజాశాంతికి గాని విరుద్ధమైన నేరమునకు పురికొల్పు ఉద్దేశముతో ప్రచారము చేసినవారే అందు శిక్షార్హులు. నిందితుడు అసత్యమని ఎరుగునని ప్రభుత్వమే రుజువు చేయవలసియుండెను.

1897లో పూనాలో ఇండ్ల సోదాకు సైనికులను నియోగించిరి. వారు ఇద్దరు స్త్రీలను మానభంగము గావించిరనియు, అందొకతె ఆత్మహత్య చేసికొనెననియు, అపుడు ఇంగ్లండులోనున్న గోపాలకృష్ణ గోఖలే పూనానుండి వచ్చిన ఉత్తరముల ఆధారమున ‘మాంచెస్టర్ గార్డియన్’ పత్రికకు తెలిపెను. స్వదేశమునకు మరలిన పిదప, సమాచారమిచ్చినవారు ముందుకు రాకపోగా, ఆయన బహిరంగముగా క్షమాపణ చెప్పెను. ఆరోపణ రుజువు కాలేదనుట వేరు; అసత్యమని తేలెననుట వేరు.

మరుసటి యేడు 505వ సెక్షను సవరింపబడినది. ‘అసత్యమని ఎరిగి’ అను నియమము తొలగినది. భయము కలిగించు ఉద్దేశము లేకున్నను, కలిగించుటకు అవకాశమున్న ప్రకటన చాలునని చేర్చిరి. సత్యమని నమ్ముటకు సహేతుక కారణములుండి, దురుద్దేశము లేనివారికి మాత్రము మినహాయింపు నిచ్చిరి. 1872 నాటి సాక్ష్య చట్టము ననుసరించి అట్టి మినహాయింపును రుజువు చేయు భారము నిందితునిదే.

ఈ సవరణ చిరకాలము నిలిచినది. 1962లో కేదారనాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టపు 54వ సెక్షను మాత్రము భయోత్పాతము కలిగించు తప్పుడు హెచ్చరికకు ఏడాదివరకు ఖైదు విధించును. 2020లో కోవిడ్ కాలమున సుప్రీంకోర్టు దీనిని గుర్తుచేసెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షను, ఆ 1898 నాటి మినహాయింపును నిలుపుకొన్నది.

గోఖలేపై అభియోగము రాలేదు. వచ్చియున్నచో, పేరు చెప్పుటకు వెరచిన వారి ఉత్తరములు సహేతుక కారణములగునా? అధికారుల చర్యలే విమర్శకు గురియగు కాలమున సాక్షులు దాగుట సహజము గనుక, ఈ మినహాయింపును న్యాయస్థానములు ఉదారముగా అన్వయింపవలెనని మా అభిప్రాయము.