కంప్యూటరు అయ్యవారికి పాఠం చెప్పిందెవరు?

లెక్కల అయ్యవారు కావాలంటే ఏం చదవాలో ఎవరినడిగినా చెప్తారు. డిగ్రీలో లెక్కలు చదవాలి, ఆ తర్వాత బి.ఎడ్. తెలుగు అయ్యవారికి కూడా ఇలాగే ఒక దారి ఉంది. ఈ దారులు మన తాతల కాలం నుంచి ఉన్నవే. కానీ బడిలో కంప్యూటరు చెప్పేవారు ఎలా తయారవుతారు అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. కొన్ని బళ్ళలో లెక్కల సారే చెప్తారు. కొన్నిచోట్ల సైన్సు టీచరు. ఇంకొన్నిచోట్ల ఊళ్ళో ఏదో సెంటర్లో కోర్సు చేసి వచ్చిన అన్నయ్య. తమిళనాడులో మన పదో తరగతి సైన్సు పుస్తకంలో చివరి పాఠం కంప్యూటరుదే, అందులో స్క్రాచ్ గురించి ఉంది. మొక్కల వేర్లు, కాండం గురించి చెప్పిన టీచరే ఆ పాఠమూ చెప్పాలి. పరీక్షల ముందర వచ్చే పాఠం కాబట్టి దానికి ఎంత టైము దొరుకుతుందో మీకూ తెలుసు.

ఇలా ఎందుకయింది అని చూస్తే దాని వెనక 60 ఏళ్ళ కథ ఉంది.

మన దేశంలో ఆ కథ కాన్పూరులో మొదలయింది. 1963 ఆగస్టులో అక్కడి ఐఐటీకి ఐబీఎం 1620 అనే కంప్యూటరు వచ్చింది. అప్పటికి మన దేశంలో కంప్యూటరు సైన్సు డిగ్రీ చదివినవారే లేరు, ఎందుకంటే ఆ డిగ్రీయే లేదు. మరి మొదటి అయ్యవార్లు ఎవరు? కరెంటు ఇంజనీరింగు చదివినవారు, లెక్కలు చదివినవారు. వారిలో ఒకరు వి. రాజారామన్. కాన్పూరులో ఉన్నవారు ఒక మంచి పని చేశారు. యంత్రం తమ విద్యార్థులకే అని దాచుకోకుండా, దేశం నలుమూలల నుంచి వచ్చే ప్రొఫెసర్లకు, సైంటిస్టులకు పది రోజుల కోర్సులు పెట్టారు. వచ్చినవారు ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాం రాయడం నేర్చుకొని, తమ కాలేజీలకు తిరిగిపోయి అక్కడ చెప్పారు. రాజారామన్ ఆ పాఠాలకు రాసిన నోట్సు తర్వాత పుస్తకమై విద్యార్థులు కొనగలిగే ధరకే దొరికింది. ఎం.సి.ఎ. అనే చదువు 1980లలో మన కాలేజీల్లోకి రావడంలో కూడా ఆయన చెయ్యి ఉంది. ఇవాళ బళ్ళలో కంప్యూటరు చెప్పే చాలామంది ఆ ఎం.సి.ఎ. చదివినవారే. కాన్పూరులో యంత్రమూ, దాన్ని నేర్పే పనీ ఒకేసారి మొదలయ్యాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత చాలాచోట్ల ఇలా జరగలేదు.

ఇక బళ్ళ సంగతికి వస్తే, మనం కొంచెం ఇంగ్లాండు దాకా పోవాలి. 1981 డిసెంబరులో కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ బీబీసీ మైక్రో అనే కంప్యూటరు విడుదల చేసింది. దాన్ని తయారు చేసిన వారిలో ముఖ్యులు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్. రేడియో, టీవీ నడిపే బీబీసీ ప్రజలకు కంప్యూటరు నేర్పాలని ఒక పథకం పెట్టుకొని, టీవీలో చూపించే పాఠాలకు సరిపోయే యంత్రం కావాలని అడిగితే ఇది పుట్టింది. దాని బి మోడలులో జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు! ప్రోగ్రాములు పాటల క్యాసెట్టులాంటి టేపులోనే దాచుకునేవారు. స్విచ్చి వేయగానే బేసిక్ భాష సిద్ధంగా ఉండేది, అంటే పిల్లవాడు ముందు కూర్చోగానే ప్రోగ్రాం రాయవలసిందే. అక్కడి ప్రభుత్వం బళ్ళు కంప్యూటరు కొంటే సగం డబ్బు తాను ఇచ్చింది. అప్పటికే 1980లో టీచర్ల శిక్షణకు, పాఠాల తయారీకి ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టింది.

ఆ బీబీసీ మైక్రోనే మన దేశానికి వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. బళ్ళలో కంప్యూటరు అక్షరాస్యత, అధ్యయనం అని దాని పేరుకు అర్థం. ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి చేసిన పని ఇది. మొదట తీసుకున్నవి సుమారు 250 బళ్ళు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఆ యంత్రాన్ని యూనికార్న్ అనే పేరుతో ఇక్కడే తయారు చేసింది కూడా. మన దగ్గర బళ్ళకు కంప్యూటరు 2000 తర్వాతే వచ్చిందని చాలామంది అనుకుంటారు. 40 ఏళ్ళ కిందటే వచ్చింది, కానీ చాలా కొద్ది బళ్ళకు.

క్లాస్ ప్రాజెక్టులో టీచర్లను ఎలా తయారు చేశారన్నది నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన విషయం. ఐఐటీలు, ఇంజనీరింగు కాలేజీలు లాంటివాటిని వనరుల కేంద్రాలుగా పెట్టారు. బడి నుంచి కొందరు టీచర్లు ఆ కేంద్రానికి పోయి కొన్ని వారాలు నేర్చుకొని రావాలి. వారు లెక్కలో, ఫిజిక్సో చెప్పేవారు. బి.ఎడ్.లో వారు కంప్యూటరు గురించి ఒక్క పేజీ చదివి ఉండరు, ఎందుకంటే అందులో అది లేదు. నేర్పేవారు ఇంజనీర్లు, వారికి యంత్రం తెలుసు కానీ 13 ఏళ్ళ పిల్లవాడికి ఎలా చెప్పాలో తెలియాలని లేదు. నేర్చుకునేవారికి పిల్లలు తెలుసు, యంత్రం తెలియదు. కొన్ని వారాల్లో ఈ ఇద్దరూ మధ్యలో కలుసుకోవాలి. పాపం, తిరిగి వచ్చాక బడిలో ఉన్నవి కొద్ది యంత్రాలు, తరగతిలో ఉన్నది ఎక్కువమంది పిల్లలు, కీబోర్డు మీద అక్షరాలన్నీ ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లవాడికి ఇది రెండు చదువులు ఒకేసారి చదివినట్టే. శిక్షణ పొందిన టీచరుకు ట్రాన్స్‌ఫర్ అయితే ఇక ఆ గదికి తాళమే. అయినా ఆ ప్రాజెక్టు పెరిగింది, 1990లకి 2500కు పైగా బళ్ళు అందులో చేరాయి. దేశంలో ఉన్న బళ్ళ లెక్క చూస్తే అది సముద్రంలో కాకిరెట్టంత.

తర్వాత దారి మారింది. టీచర్లను తయారు చేయడం కష్టం, ఆలస్యం, కాబట్టి కంపెనీలకు ఇచ్చేద్దాం అనుకున్నారు. కర్ణాటకలో 2001 ప్రాంతంలో మాహితి సింధు అనే పథకంలో 1000 ప్రభుత్వ హైస్కూళ్ళకు ఇలా కంప్యూటర్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5000 హైస్కూళ్ళకు వచ్చాయి. పద్ధతి ఏమిటంటే, కంపెనీ ల్యాబు పెడుతుంది, తానే మనుషుల్ని పెట్టి ఐదేళ్ళు నడుపుతుంది, ప్రభుత్వం దానికి డబ్బు కడుతుంది, గడువు తీరాక ల్యాబును బడికి అప్పగిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ గడువు తీరినప్పుడు బడికి మిగిలేది ఏమిటి? ఐదేళ్ళు పాతబడిన యంత్రాలు. పాఠం చెప్పిన మనిషి మాత్రం వెళ్ళిపోతాడు. ఆయన బడి సిబ్బంది కాదు కదా, స్టాఫ్ మీటింగులో ఆయనకు కుర్చీ ఉండదు, జీతం తక్కువ. పక్క గదిలో లెక్కల సారు 20 ఏళ్ళుగా ఉన్నా, ల్యాబు కంపెనీదని ఆయన దాన్ని తాకడు. ఇది ఆ టీచర్ల తప్పు కాదు. ఆ పద్ధతే యంత్రాన్ని అప్పగించడానికి ఒప్పందం రాసుకుంది, తెలివిని అప్పగించడానికి రాసుకోలేదు.

అదే కాలంలో మన పక్కనే కేరళ ఇంకో దారి పట్టింది. యు.ఆర్. రావు అధ్యక్షతన ఒక కమిటీ సలహాలిచ్చింది (అంతరిక్ష సంస్థకు అధ్యక్షుడుగా చేసిన ఆయనే). ఆ తర్వాత 2001లో ఐటీ@స్కూల్ అనే ప్రాజెక్టు మొదలయింది. వారు బయటి మనుషుల్ని తేలేదు. బళ్ళలో పనిచేస్తున్న టీచర్లలో నుంచే ఉత్సాహం ఉన్నవారిని ఏరి మాస్టర్ ట్రెయినర్లను చేశారు. వారు మిగతా టీచర్లకు నేర్పారు. మలయాళం చెప్పే టీచరు, హిందీ చెప్పే టీచరు, ఎవరైనా సరే. 2005లో పదో తరగతి పరీక్షలోనే ఐటీని పెట్టేశారు, ఇక తప్పించుకోవడానికి వీల్లేదు. సాఫ్టువేరు కూడా కొన్నది కాదు, లైనక్స్ మీద తమ బళ్ళకు సరిపోయేటట్టు తామే కూర్చుకున్నది. పాడైతే బాగు చేసుకోవడం కూడా టీచర్లే నేర్చుకున్నారు. 2017లో ఆ ప్రాజెక్టు కైట్ అనే పేరుతో ప్రభుత్వ కంపెనీ అయింది.

మనలాంటి బళ్ళకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. కేరళలో ఐటీ పుస్తకాలు మలయాళం, ఇంగ్లీషులతో పాటు తమిళం, కన్నడంలో కూడా వేస్తారు. కాసరగోడులో కన్నడ మీడియం పిల్లలు కన్నడంలో చదువుకుంటారు. అది ఎలా కుదిరిందంటే, నేర్పేవారు ఆ బడి టీచర్లే కాబట్టి. కన్నడ మీడియం బడిలో పనిచేసే టీచరుకు కన్నడం వచ్చు. బయట కంపెనీ పంపిన మనిషికి ఆ భాష రావాలని ఎక్కడుంది? అల్పసంఖ్యాక భాషల బళ్ళకు టీచరు శిక్షణ అంటే ఇదీ పేచీ: సబ్జెక్టు వచ్చినవారికి మన భాష రాదు, మన భాష వచ్చినవారికి సబ్జెక్టు నేర్పలేదు.

ఇంగ్లాండు సంగతి సగంలో వదిలేశాను. అక్కడ బీబీసీ మైక్రో కాలం పోయాక బళ్ళలో ప్రోగ్రాం రాయడం తగ్గిపోయి, ఐసీటీ అనే సబ్జెక్టు వచ్చింది. అందులో ఎక్కువగా ఉత్తరం టైపు చేయడం, పట్టికలు వేయడం, స్లైడ్లు చేయడం. 1999 నుంచి లాటరీ డబ్బుతో 23 కోట్ల పౌండ్లు టీచర్ల శిక్షణకు పెట్టారు, కానీ అది అన్ని సబ్జెక్టుల వారికీ కంప్యూటరు వాడటం నేర్పడానికి. కంప్యూటరు సైన్సు చెప్పేవారిని తయారు చేయడం వేరే పని. 2012 జనవరిలో రాయల్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఇంగ్లాండులో ఐసీటీ చెప్పే టీచర్లలో ఆ సబ్జెక్టు చదివినవారు 35 శాతమే అని తేలింది. ఆ నివేదిక కమిటీకి అధ్యక్షుడు ఎవరో తెలుసా? స్టీవ్ ఫర్బర్. అవును, 30 ఏళ్ళ ముందు బీబీసీ మైక్రో చేసినాయనే! యంత్రం చేసి ఇచ్చిన మనిషే మళ్ళీ వచ్చి టీచర్లు లేరని చెప్పవలసి వచ్చింది.

2014 సెప్టెంబరు నుంచి అక్కడ ఐదేళ్ళ పిల్లల నుంచే కంప్యూటింగు తప్పనిసరి చేశారు. పాత ఐసీటీ టీచర్లు రాత్రికి రాత్రి పైథాన్ నేర్చుకోవలసి వచ్చింది. టీచర్లే 2008లో పెట్టుకున్న ఒక సంఘం అప్పుడు చాలా ఆదుకుంది. బడి అయ్యాక సాయంత్రాలు కలిసి ఒకరికొకరు నేర్పుకున్నారు. ప్రభుత్వం 2018లో 8.4 కోట్ల పౌండ్లతో జాతీయ కేంద్రం పెట్టి, కంప్యూటరు డిగ్రీ లేని 8000 మంది హైస్కూలు టీచర్లకు నేర్పాలని పెట్టుకుంది. అంటే డబ్బున్న దేశం కూడా చివరికి కేరళ చేసిన పనే చేసింది, ఉన్న టీచర్లకే నేర్పుకుంది. ఆలస్యంగా చేసింది కాబట్టి ఎక్కువ ఖర్చయింది అని నా అభిప్రాయం.

తమిళనాడులో ఇప్పుడు దారి కొంత స్పష్టమైంది. ప్లస్ టూలో కంప్యూటరు సైన్సు చెప్పడానికి మొదట్లో కాంట్రాక్టు మీద బోధకుల్ని తెచ్చారు, వారిలో చాలామందికి బి.ఎడ్. లేదు, ఆ గొడవలు కోర్టుల దాకా పోయాయి. 2019లో జరిగిన నియామకాలకు కంప్యూటరులో పీజీతో పాటు బి.ఎడ్. కూడా ఉండాలన్నారు. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళ కోర్సయింది. లెక్క కడితే, ఇప్పుడు పది చదువుతున్నవారికి ప్లస్ టూ 2, డిగ్రీ 3, పీజీ 2, బి.ఎడ్. 2, మొత్తం 9 ఏళ్ళు. ఆ తర్వాత పోటీ పరీక్ష. అంత చదివినవారికి బయట సాఫ్టువేరు కంపెనీ ఇచ్చే జీతం ఎంతో, వారు బడి వైపు ఎందుకు రావాలో మన తల్లిదండ్రులు వెంటనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

పైగా ఆ 9 ఏళ్ళలో కంప్యూటరు చదువంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది. ఎవరైనా అంతా చదివి తెలుగు బడికి తిరిగి వస్తే, లూపు అంటే ఏమిటో తెలుగులో చెప్పడం వారే సొంతంగా కనిపెట్టుకోవాలి. మా తరగతిలో ఒకమ్మాయి దానికి గానుగెద్దు తిరగడంతో పోలిక చెప్పింది. నువ్వులన్నీ ఆడేదాకా ఎద్దు తిరుగుతూనే ఉంటుంది, అయిపోగానే ఆగుతుంది. ఆగే షరతు కూడా అందులోనే ఉందన్నమాట. ఆమెకు టీచరు కావాలని ఉంది. అయితే లెక్కల టీచరు, కంప్యూటరు సంగతి ఇంకా తేల్చుకోలేదట.