వేలూరు కోటలో ఒక రాజు కడపటి యాజ్ఞ

వేలూరు నగరమునకు దక్షిణమున నున్న తొరపాడి పేరు చెప్పగానే పెక్కుమందికి 1830లో వెలసిన కేంద్ర కారాగారము జ్ఞప్తికి వచ్చును. అచ్చటినుండి నగరము లోపలికి పోయినచో రెండు ప్రసిద్ధ స్థలములు కానవచ్చును. ఒకటి అగడ్త నడుమ నిలిచిన రాతికోట. రెండవది, 1900లో ఐడా స్కడ్డరను వైద్యురాలు ఒకే మంచముతో నారంభించిన చికిత్సాలయమునుండి పెరిగి పెద్దదైన క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి. ఆంధ్రదేశమునుండి రోగులను వెంటబెట్టుకొని ఈ యాసుపత్రికి వచ్చువారు నేటికిని అనేకులు. వారిలో కోటను చూచు తీరిక గలవారు కొందరే. కాని రోగి మంచము ప్రక్కన కూర్చున్న కుటుంబమును వేధించు ప్రశ్న యొకటి, నాలుగు వందల యేండ్లకు పూర్వము ఆ రాజధానిలోను తలయెత్తినది. శక్తి యుడిగిన మనిషి యిచ్ఛను అతని తరపున నెరవేర్చువారెవరు?

1565లో రక్కసి-తంగడి యుద్ధానంతరము విజయనగర సామ్రాజ్యమున మిగిలిన భాగమును ఆరవీటి వంశమువారు పాలించిరి. వారిలో గొప్పవాడు 1586లో సింహాసనమెక్కిన రెండవ వేంకటపతిరాయలు. ఆయన కాలమున రాజధాని పెనుగొండనుండి చంద్రగిరికిని, అటుపిమ్మట వేలూరికిని మారినది. తిరుమల ఆలయములో ఆయన రాగి ప్రతిమ నేటికిని యాత్రికులకు దర్శనమిచ్చుచున్నది. సామంతులను అదుపులో నుంచి, చెదరిన రాజ్యమును కూడగట్టిన యీ ప్రభువు తన యింటి విషయమున మాత్రము ఒక లోపమును దిద్దుకొనలేదు.

ఆయనకు ఔరస పుత్రులు లేరు. గొబ్బూరి వంశమునకు చెందిన రాణి యొకతె, ఒక శిశువును తనకు పుట్టిన బిడ్డగా పెంచినది. ఆ శిశువు తన కుమారుడు కాడని రాజెరుగుననియు, రాణిపై గల ప్రేమచే ఊరకుండెననియు పోర్చుగీసు జెసూటు మతాచార్యుడు మాన్యుయెల్ బర్రాదాస్ 1616 డిసెంబరులో వ్రాసిన లేఖవలన తెలియుచున్నది. ఏండ్లు గడచినకొలది ఆ బాలుడు రాజకుమారుడుగానే పెరిగెను. రాజు మౌనము రాణి బంధువులకు అంగీకారముగా తోచెను. వారి యాశలు వేరూనెను.

1614 అక్టోబరులో రాయలకు అవసానకాలము సమీపించినది. మరణమునకు మూడు దినములు ముందు ఆయన కొందరు సామంతుల యెదుట తన యన్నకుమారుడైన శ్రీరంగరాయలను పిలిపించి, రాజముద్రిక నందీయబోయెను. శ్రీరంగడు కన్నీరు కార్చుచు, తనకు వద్దని వేడుకొనెను. రాజు మరల నుంగరమును చాచెను. అచ్చటి సామంతుల సలహాపై శ్రీరంగడు దానిని గ్రహించెను. పిదప రాజు తన వస్త్రాభరణములను కూడ వానికిచ్చి వారసునిగా ప్రకటించెను. ఈ వృత్తాంతమంతయు బర్రాదాస్ లేఖలోనిదే.

ఆజ్ఞ స్పష్టమైనది. సాక్షులు కలరు. అయినను అది నిలువలేదు. రాణి సోదరుడు గొబ్బూరి జగ్గరాయడు మరికొందరు సామంతులతో కలిసి క్రొత్త రాజును, ఆయన భార్యాబిడ్డలను చెరబట్టి, రాణి పెంచిన బాలుని సింహాసనమెక్కించెను. చనిపోయిన ప్రభువు మాటకు కట్టుబడి నిలిచినవాడు వెలుగోటి యాచమనాయకుడు. ఆయన యత్నమున ఒక చాకలి, పండ్రెండేండ్ల రాకుమారుడు రామదేవుని మైలబట్టల మూటలో దాచి చెరనుండి దాటించెను. తక్కినవారిని విడిపించు యత్నములు విఫలమైనవి. తుదకు శ్రీరంగరాయలు సకుటుంబముగా వధింపబడెను. తరువాత తంజావూరి రఘునాథనాయకుడు యాచమనికి తోడ్పడెను. 1616-17 నాటి తోపూరు యుద్ధమున జగ్గరాయడు కూలెను. రామదేవుడు రాజయ్యెను గాని, అంతఃకలహమున క్షీణించిన రాజ్యము పూర్వబలమును మరల పొందలేదు.

ఈ విషాదమును కేవలము జగ్గరాయని ద్రోహముగా చెప్పి విడిచిపెట్టుట సులభము. కాని రాజు చేసినదానిలోను మూడు లోపములు కనిపించుచున్నవి. చెప్పవలసినదానిని ఆరోగ్యమున్ననాడు చెప్పక కడపటి మూడు దినములకు వాయిదా వేసెను. వ్యతిరేకించగలవారికి నిజము తెలుపక వారి యాశలను పెరుగనిచ్చెను. ఎవరికి ఇచ్చుచున్నాడో చెప్పెను గాని, ఆ మాటను నిలబెట్టు భారమును ముందుగనే యెవరికిని అప్పగింపలేదు. యాచముడు తనంత తాను ఆ భారమును నెత్తికెత్తుకొనెను. అప్పటికే ఆలస్యమైనది.

మనకు రాజ్యములు లేవు. కాని యీ మూడు లోపములు మన యిండ్లలో నేటికిని కలవు. ఆస్తి విషయమున చట్టము చక్కని మార్గము చూపినది. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము సామాన్యుడు వ్రాయు వీలునామాపై ఇద్దరు సాక్షుల సంతకములుండవలెను. అయితే వీలునామా మరణానంతరమే మాటలాడును. స్పృహ లేక ఆసుపత్రిలో పడియున్న మనిషికి అది యేమాత్రము తోడుకాదు.

అట్టి సమయమునకు ముక్త్యారునామా, అనగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, చాలునని పెక్కుమంది నమ్మకము. ఇది పొరపాటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 201వ విభాగము ననుసరించి, అధికారమిచ్చినవాడు మరణించినను, మతిస్థిమితము కోల్పోయినను ఆ అధికారము సాధారణముగా ముగియును. తండ్రికి తెలివి తప్పిన పిదప, ఆయన యిచ్చిన పత్రముతో బ్యాంకునకు వెళ్లిన కుమారునికి ఈ చిక్కు ఎదురగును. ఇంగ్లండులో 1985లోనే ఇట్టి స్థితిలోను చెల్లు అధికారపత్రమునకు ప్రత్యేక చట్టము చేసిరి. మన దేశమున అట్టి సామాన్య చట్టము లేనందున కుటుంబములు సంరక్షకుని నియామకమునకై హైకోర్టుల నాశ్రయింపవలసి వచ్చుచున్నది.

చికిత్స విషయమున మాత్రము ఒక మార్గమేర్పడినది. అమెరికా న్యాయవాది లూయిస్ కట్నర్ 1969లో ప్రకటించిన వ్యాసమున 'లివింగ్ విల్' అను భావనను వివరించెను. దీనిని మనము జీవన వీలునామా యనవచ్చును. కోలుకొను ఆశ లేని స్థితిలో ఏ చికిత్స కావలెనో, ఏది వలదో మనిషి తెలివియున్ననాడే వ్రాసియుంచు పత్రమిది. మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2018 మార్చి 9న దీనిని గుర్తించినది. అప్పుడు విధించిన నియమములు కష్టసాధ్యముగా నుండుటచే 2023 జనవరి 24న వానిని సడలించినది. ఇప్పుడు మేజిస్ట్రేటు సంతకమునకు బదులు, ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసిన పత్రమును నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించిన చాలును. నిర్ణయము తెలుపవలసిన సంరక్షకుని లేక దగ్గరి బంధువుల పేర్లు అందుండవలెను. ఒక ప్రతిని నగరపాలక సంస్థ, పురపాలక సంఘము లేక పంచాయతీ వంటి స్థానిక సంస్థ అధికారికి అందజేయవలెను. వ్రాసినవాడు ఎప్పుడైనను దానిని మార్చుకొనవచ్చును, రద్దు చేసికొనవచ్చును.

ఆ పత్రము చూపగానే చికిత్స ఆగునని భయపడనక్కరలేదు. ఆసుపత్రి వైద్యమండలి యొకటి, దానిపై మరియొక మండలి పరిశీలించి సమ్మతింపవలెను. మేజిస్ట్రేటునకు తెలియజేయవలెను. మందిచ్చి ప్రాణము తీయుటకు ఇందులో అనుమతి లేదు. నిష్ఫలమైన యంత్రసాయమును నిలిపి, నొప్పి తెలియకుండ సేవచేయుటకే యిది తావిచ్చుచున్నది.

మన పెద్దలు శుభమా యని బ్రతుకుచుండగా చావు మాట యెందుకని యీ ప్రస్తావనను వారించుట కలదు. ఆ సంకోచము ప్రేమనుండియే పుట్టినది. వేంకటపతిరాయల మౌనమును ప్రేమనుండియే పుట్టినది. కాని దాని ఫలము ననుభవించినవారు శ్రీరంగరాయలును ఆయన బిడ్డలును. తల్లిదండ్రుల యిచ్ఛ తెలియనప్పుడు ఆసుపత్రి వరండాలో అన్నదమ్ములు వాదులాడుకొనుటయు, ఏ నిర్ణయము చేసినను తప్పు చేసితిమేమో యని జీవితాంతము కుములుటయు నేడు మనము చూచుచున్నదే.

కావున పండుగనాడు కుటుంబమంతయు ఒకచోట చేరినప్పుడు, ఆరోగ్యముగా నున్న పెద్దలే ఈ మాటను ఎత్తుట మేలు. తమ కోరికను అందరికి వినిపించి, వ్రాసి, దానిని నిలబెట్టగల మనిషిని అతని సమ్మతితో నియమింపవలెను. యాచమనాయకుని వంటివాడు ప్రతి యింట నొకడుండవచ్చును. అతనికి ఆ బాధ్యతను సకాలమున అప్పగించుట మాత్రము పెద్దల వంతు.