పని పంట్లాం: మన్నిక ఎవరి కోసం?

శ్రామికుణ్ణి గురించి రాసే రచయిత అతని చేతుల్ని చూస్తాడు, చెమటను చూస్తాడు, ఆకలిని చూస్తాడు. ఒంటిమీది బట్ట దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'చిరిగిన గుడ్డలు' అనే రెండు మాటలతో సరిపెడతాడు. అది ఏ చోట చిరిగింది, ఎందుకు చిరిగింది, ఆ గుడ్డను ఎవరు ఎంచారు అన్న ప్రశ్నలు మన సాహిత్యంలో అరుదు. కాని ఇంటిలాగా, పనిముట్టులాగా బట్ట కూడా ఉత్పత్తి సంబంధాల్లోంచి పుడుతుంది. దాన్ని చదవడం తెలిస్తే అది ఒక చారిత్రక పత్రం.

పని బట్టకు రెండు గుణాలు కావాలంటారు: మన్నిక, ఒంటికి సుఖం. పైకి ఇవి గుడ్డకు సహజంగా ఉండే గుణాల్లా కనిపిస్తాయి. చరిత్రలోకి వెళితే వీటి వెనుక మనుషుల మధ్య సంబంధాలు బయటపడతాయి. బట్టను ఎంచేది ఎవరు? డబ్బు చెల్లించేది ఎవరు? తొడిగేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి మన్నిక అనే మాటకు అర్థం మారుతూ వచ్చింది.

1

పంట్లాం ఒక వర్గానికి పేరుగా మారిన ఘట్టం ఫ్రెంచి విప్లవం. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో ప్రభువులు, సంపన్నులు మోకాలి దాకా వచ్చే బిగుతు లాగు, దాని కింద పట్టు మేజోళ్ళు తొడిగేవారు. ఆ లాగు పేరు కులోత్. పారిస్ చేతిపనివాళ్ళు, కూలీలు, చిల్లర వర్తకులు చీలమండ దాకా వచ్చే పొడుగు పంట్లాం వేసేవారు. కులోత్ లేనివాళ్ళు అన్న అర్థంలో 'సాన్ కులోత్' అనే మాట మొదట వెక్కిరింపుగా పుట్టింది. 1792 నాటికి దాన్ని ఆ ప్రజలే తమ రాజకీయ నామంగా సగర్వంగా చెప్పుకున్నారు.

ఇంగ్లండులో అదే స్థానం 'ఫస్టియన్' అనే దళసరి నూలుగుడ్డకు దక్కింది. 1841లో చార్టిస్టు నాయకుడు ఫియర్గస్ ఓకానర్ యార్క్ జైలు నుంచి విడుదలైనప్పుడు ఫస్టియన్ దుస్తుల్లో బయటికి వచ్చాడు. తాను ఎవరి పక్షమో చెప్పడానికి ఆ గుడ్డ చాలు. ఎంగెల్స్ 1845లో ప్రచురించిన ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల గ్రంథంలో ఈ గుడ్డ ప్రస్తావన ఉంది. కార్మికులను ఫస్టియన్ కోట్లవాళ్ళని పిలవడం పరిపాటి అయిందని ఆయన నమోదు చేశాడు. అక్కడితో ఆగకుండా, ఆ తేమ దేశంలో చలికి ఉన్ని కాచినట్టు నూలు కాయదనీ, శ్రామికుల ఒంటిమీద ఉన్ని స్థానంలోకి నూలు వచ్చిందనీ చెప్పాడు. బట్ట పేరును గుర్తుగా వాడుకుని వదిలేయకుండా, అది ఒంటికి చేసే మేలు, కీడు లెక్కగట్టడం ఆయన చూపులోని ప్రత్యేకత.

2

తొడిగేవాడికి ఎంచుకునే హక్కు బొత్తిగా లేనిచోట మన్నిక ఎలా ఉంటుందో అమెరికా బానిస వ్యవస్థ చూపుతుంది. సౌత్ కరోలినా వలసలో 1740లో చేసిన చట్టం బానిసలు ఏ రకం గుడ్డలు కట్టవచ్చో పేర్లతో సహా పట్టిక ఇచ్చింది. అంతకంటే ఖరీదైన గుడ్డ ఒంటిమీద కనిపిస్తే లాక్కునే అధికారం ఆ చట్టం అధికారులకు ఇచ్చింది. ఆ పట్టికలో మొదటి గుడ్డకు 'నీగ్రో క్లాత్' అనే పేరే ఉంది. 19వ శతాబ్దంలో ఉత్తరాది రోడ్ ఐలండ్ మిల్లులు ఈ ముతక గుడ్డ నేసి దక్షిణాది తోటల యజమానులకు అమ్మి లాభాలు గడించాయి. బానిసత్వం లేని రాష్ట్రపు మిల్లుకూ బానిసల పొలానికీ మధ్య వంతెన ఆ గుడ్డే.

ఆ గుడ్డల్లో గట్టిదనానికి కొదవ లేకపోవచ్చు. ఆ గట్టిదనం ఎవరి కోసమన్నదే ప్రశ్న. బుకర్ టి. వాషింగ్టన్ 1901లో వెలువడిన ఆత్మకథలో చిన్ననాటి ముతక నార చొక్కా గురించి రాశాడు. కొత్త చొక్కా ఒంటికి తగిలితే ముళ్ళు గుచ్చుకున్నట్టుండేదట. అన్న జాన్ ఆ చొక్కాను ముందు తాను కొన్నాళ్ళు తొడిగి, మెత్తబడ్డాక తమ్ముడికి ఇచ్చేవాడట. యజమాని లెక్కలో ఎన్నడూ లేని సుఖాన్ని ఒక పిల్లవాడు తన చర్మం అడ్డుపెట్టి తమ్ముడికి సంపాదించి పెట్టాడు. బానిసత్వపు క్రౌర్యాన్ని చెప్పడానికి కొరడా ఒక్కటే సాధనం కాదని రచయితలు ఈ ఘట్టం నుంచి గ్రహించాలి.

3

ఇప్పుడు దీనికి పూర్తిగా భిన్నమైన సందర్భం చూద్దాం. నెవాడా రాష్ట్రంలోని రీనో ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. 1831లో రీగాలో పుట్టిన యూదు వలస మనిషి. గుడారాలు, గుర్రాల కంబళ్ళు, బండ్ల మీద కప్పే గుడ్డలు కుట్టి బతికేవాడు. 1870 చివరలోనో 1871 మొదట్లోనో ఒక కట్టెలు కొట్టేవాడి భార్య వచ్చి, భర్త పంట్లాలు ఊరికే చినిగిపోతున్నాయి, గట్టిది ఒకటి కుట్టిపెట్టమని 3 డాలర్లు ఇచ్చింది. డేవిస్ దళసరి డక్ గుడ్డతో పంట్లాం కుట్టాడు. కంబళ్ళకు తోలుపట్టీలు బిగించే రాగి రివెట్లు బల్లమీద ఉన్నాయి. వాటిని జేబుల మూలల్లో కొట్టాడు.

పనివాడు జేబులో బరువు వేసుకుంటాడు, వంగుతాడు, లేస్తాడు. ఆ లాగుడంతా జేబు మూలలో ఉన్న నాలుగు కుట్లమీద పడుతుంది. రివెట్ ఆ బరువును కుట్టునుంచి తప్పించి గుడ్డమీదికి పంచుతుంది. ఈ చిన్న సంగతి కనిపెట్టడానికి పనివాడి ఇల్లాలి ఫిర్యాదు కావలసివచ్చింది. చినిగిన పంట్లానికి అతుకు వేసేది, కొత్తదానికి డబ్బు చెల్లించేది ఆ కుటుంబమే. ఇక్కడ మన్నిక తొడిగేవాడి అవసరంగా దర్జీ ముందుకు వచ్చింది. అందుకే బట్ట బాగుపడింది. మిగతా పనివాళ్ళు చూసి అడిగారు. ఏడాదిన్నరలో డేవిస్ అలాంటివి దాదాపు 200 కుట్టాడు.

తరువాతి కథ పెట్టుబడిది. పేటెంటు ఖర్చు దర్జీకి భారం. 1872లో అతను తనకు గుడ్డ సరఫరా చేసే శాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడు లెవీ స్ట్రాస్‌కు ఉత్తరం రాయించాడు. 1873 మే 20న 1,39,121వ నెంబరు పేటెంటు డేవిస్ పేరిట, స్ట్రాస్ కంపెనీ భాగస్వామ్యంతో వచ్చింది. డేవిస్ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి ఉత్పత్తి పర్యవేక్షించాడు. లోకంలో నిలిచింది వర్తకుడి పేరు. దర్జీ పేరు చరిత్రకారులకు తెలుసు. కట్టెలు కొట్టేవాడి భార్య పేరు తెలిసినవాళ్ళు బహు కొద్దిమంది.

4

అయితే శ్రామికుడి అవసరంలోంచి పుట్టిన బట్ట శ్రామికుల ఐక్యతకు చిహ్నంగా ఉండిపోయిందనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియాలో 1870ల చివర చైనా కార్మికుల మీద ద్వేషం రగిలింది. దాన్ని రగిలించినవాళ్ళలో కార్మిక పార్టీ అని పేరుపెట్టుకున్న సంస్థ కూడా ఉంది. 1882లో చైనీయుల వలసను నిషేధించే చట్టం వచ్చింది. ఆ కాలపు లెవీ స్ట్రాస్ పంట్లాల జేబుగుడ్డ మీద 'తెల్లవారి శ్రమతో తయారైనది' అన్న అర్థంలో ముద్ర ఉండేది. 1890లలో కంపెనీ ఆ పద్ధతి విరమించింది.

ఆనాటి పంట్లాం ఒకటి పాడుబడ్డ గనిలో దొరికింది. 2022లో జరిగిన వేలంలో 76 వేల డాలర్లకు పాట వెళ్ళింది. తొడిగిన గనికార్మికుడెవరో తెలియదు. కొవ్వొత్తి మైనపు మరకలు, వాటితోపాటు ఆ జాతిద్వేషపు ముద్ర, గుడ్డమీద మిగిలి ఉన్నాయి. ఒకే బట్టలో శ్రమ గౌరవమూ శ్రామికవర్గపు చీలికా పక్కపక్కనే కుట్టి ఉన్నాయి. రెండింటిలో ఒకదాన్నే చెప్పే రచన అభ్యుదయ రచన కాదు, అర్ధసత్యం.

పంట్లాం క్రమంగా గనినుంచి గదిలోకి ప్రవేశించింది. వెనక జేబు రివెట్లు కుర్చీలను, గుర్రపు జీనులను గీరుతున్నాయన్న ఫిర్యాదుల మీద 1937లో వాటిని గుడ్డకింద దాచారు. 1950లలో సినిమా దాన్ని యువత తిరుగుబాటు వేషం చేసింది.

5

ఈ పంట్లానికి ప్రసిద్ధి తెచ్చిన నీలిరంగు చరిత్ర మన గడపలోకి వస్తుంది. డెనిమ్‌లో పడుగు నీలి, పేక తెలుపు. పడుగుదారం మూడు పేకల మీదుగా పోయి ఒకదాని కింద దూరుతుంది. అందుకే పైకి నీలి, లోపల తెలుపు, గుడ్డమీద ఐమూల గీతలు. నీలిమందు దారం లోపలికంటా ఇంకదు. రాపిడి తగిలినచోట వెలుస్తుంది. వంగిన మోకాలు, రుద్దుకున్న తొడ, జేబులో పెట్టిన కొలబద్ద గుడ్డమీద గుర్తులుగా మిగులుతాయి.

ఆ మందు కోసం బెంగాల్ రైతు చేత దొరలు బలవంతంగా సాగు చేయించారు. 1859లో రైతు తిరగబడ్డాడు. 1860లో దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' నాటకం వచ్చింది. దాని ఇంగ్లీషు అనువాదం అచ్చువేయించినందుకు 1861లో జేమ్స్ లాంగ్ అనే పాద్రీకి నెలరోజుల జైలు, 1000 రూపాయల జరిమానా పడ్డాయి. మన కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో కూడా 19వ శతాబ్దంలో నీలిసాగు విస్తారంగా ఉండేది. 1897లో జర్మనీ కంపెనీ ఒకటి కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చాక ఈ సాగు కూలిపోయింది. పనిబట్టకు ఇంగ్లీషువాడు పెట్టుకున్న 'డంగరీ' అనే పేరు బొంబాయి డోంగ్రీ నుంచి వెళ్ళిందే.

మనకు తిరిగివచ్చిన పనిబట్ట మాత్రం వేరు. ఖాకీ అంటే దుమ్మురంగు. 1840లలో సరిహద్దు సైన్యంలో మొదలై, పోలీసు, డ్రైవరు, ఫాక్టరీ కార్మికుల దాకా వచ్చింది. దాని సుగుణం మురికి కనబడనీయకపోవడం. 1948 నాటి ఫాక్టరీల చట్టం 22వ సెక్షన్ తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసేవాడు ఒంటికి బిగుతైన బట్ట తొడగాలనీ, దాన్ని యాజమాన్యమే ఇవ్వాలనీ చెప్పింది. పంచె అంచు బెల్టులో చిక్కితే మనిషి పోతాడు గనుక అది అవసరమైన నియమమే. కాని మే నెల ఎండలో ఆ బట్ట ఒంటిమీద ఎలా ఉంటుందన్న ఊసు అందులో లేదు.

మన మేస్త్రీ, వడ్రంగి, బండలు పరిచేవాడు గొంతుక్కూర్చుని పనిచేస్తారు. నిలబడి పనిచేసేవాడికి కత్తిరించిన పంట్లాం వాళ్ళకు తొడల మధ్య పిగులుతుంది. కాళ్ళ నడుమ అదనపు ముక్క, మోకాళ్ళ దగ్గర రెండో పొర, జేబు మూలల్లో గట్టి కుట్టు, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరే గుడ్డ వాళ్ళకు కావాలి. కొనేముందు ఒకసారి గొంతుక్కూర్చుని చూసుకునే పనివాడి వివేకం ఏ పేటెంటుకూ తీసిపోదు. కంట్రాక్టరు మూటగా కొని పంచే యూనిఫారంలో ఆ అవకాశమే ఉండదు.

6

ఈ చరిత్రకు అత్యంత విషాదకరమైన మలుపు మన కాలంలోనే జరిగింది. కొత్త పంట్లాం పాతదానిలా, కష్టపడి అరగదీసినదానిలా కనబడాలని సంపన్న దేశాల మార్కెట్ కోరింది. టర్కీ వర్క్‌షాపుల్లో పీడనంతో ఇసుక చిమ్మి గుడ్డను వెలయించారు. ఆ ఇసుక ధూళి పీల్చిన యువ కార్మికుల ఊపిరితిత్తులు సిలికోసిస్‌తో గట్టిపడ్డాయి. 2009లో టర్కీ ఆ పద్ధతిని నిషేధించింది. శ్రమ తాలూకు గుర్తులు సరుకయ్యాయి. వాటిని తయారుచేసినవాడు శ్వాస కోల్పోయాడు. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే బళ్ళారిలో వందల చిన్న షెడ్లలో నేడు జీన్స్ కుడుతున్నారు. ఆ మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళ కథ తెలుగులో ఇంకా రావలసినంత రాలేదు.

వేసుకునేవాడు అడగగలిగిన చోట బట్ట బాగుపడింది. ఇతరులు అతని కోసం నిర్ణయించిన చోట ఒళ్ళు గీరుకుంది. ఈ చరిత్ర మొత్తం చెప్పే మాట ఇదే. కనుక పనిబట్ట ప్రశ్న కూలిరేటు ప్రశ్నంత ముఖ్యమైనది. రచయితలుగా మనం 'చిరిగిన గుడ్డలు' అని రాసేముందు ఆ చిరుగు దగ్గరికి వెళ్ళి చూడాలి. అది జేబు మూలలో ఉందా, మోకాలి మీద ఉందా, కాళ్ళ నడుమ ఉందా? ఒక్కో చిరుగు ఒక్కో పనిని చెబుతుంది. ఆ పని తెలియకుండా ఆ మనిషి తెలియడు.