హోంగ్‌షావ్ న్యూరోమియెన్

హోంగ్‌షావ్ న్యూరోమియెన్ అనునది గోమాంసపు ముక్కలను సోయా సాస్, పులియబెట్టిన కారపు చిక్కుడు ముద్ద, సుగంధ ద్రవ్యాలతో సన్నని సెగపై చాలాసేపు ఉడికించి, ఆ పులుసును గోధుమ నూడుల్స్‌పై పోసి వడ్డించే చైనీయుల వంటకం. చైనా భాషలో 'న్యూరో' అనగా గోమాంసం, 'మియెన్' అనగా గోధుమపిండి నూడుల్స్, 'హోంగ్‌షావ్' అనగా ఎర్రగా వండుట. ఈ ఎరుపు మిరపకాయలది కాదు. సోయా సాస్, చక్కెర కలిసి మాంసానికి ఇచ్చే ముదురు రంగును చైనీయులు ఎరుపుగా చెప్పుకొంటారు. మిరపకాయ తగలని హోంగ్‌షావ్ వంటకాలు కూడా అనేకం ఉన్నాయి.

చరిత్ర

తైవాన్ భోజనశాలలలో ఈ వంటకం పేరుకు తరచు 'సిచువాన్ రుచి' అనే విశేషణం చేరుతుంది. అయితే ఇది ఈ రూపంలో పుట్టినది సిచువాన్‌లో కాదు, తైవాన్‌లోనే అని సాధారణంగా అంగీకరిస్తారు. 1949లో చైనా అంతర్యుద్ధంలో ఓడిన జాతీయవాద ప్రభుత్వంతో పాటు పది లక్షలకు పైగా సైనికులు, పౌరులు తైవాన్ ద్వీపానికి తరలివచ్చారు. త్వరలోనే తిరిగి వెళ్ళగలమని వారు ఆశించారు. కానీ స్వస్థలంలోని బంధువులను చూచి రావడానికి అనుమతి 1987లో గాని లభించలేదు.

దక్షిణ తైవాన్‌లో కావ్‌ష్యోంగ్ సమీపాన ఉన్న గాంగ్‌షాన్‌లో వైమానిక దళ స్థావరం ఉంది. అక్కడ స్థిరపడిన సిచువాన్ కుటుంబాలు తమ ఊరి చిక్కుడు ముద్దను స్థానికంగా తయారు చేసుకొన్నాయి. చెంగ్డూలో చిన్న గిన్నెలలో వడ్డించే ఎర్రని గోమాంసపు పులుసును తలచుకొని, ఈ ముద్దతో వండి, నూడుల్స్ చేర్చడం వలన ఈ వంటకం ఏర్పడి ఉండవచ్చునని చరిత్రకారుడు లూ యావ్‌దోంగ్ అభిప్రాయపడ్డాడు. 1950వ దశకం నుండి అమెరికా సహాయంగా వచ్చిన గోధుమలు, అన్నం తినే ఆ ద్వీపంలో నూడుల్స్ వాడకాన్ని పెంచాయి.

తైవాన్ రైతులు మొదట గోమాంసం తినేవారు కాదు. పొలం దున్నిన పశువును తినరాదనే ఆ భావనను తెలుగు పాఠకులకు వేరుగా వివరించనక్కరలేదు. తరువాతి తరాలలో ఆ నియమం సడలినా, నేటికీ పాటించే కుటుంబాలు ఉన్నాయి. తైపే నగరపాలక సంస్థ 2005లో ఈ వంటకం పేరిట ఒక ఉత్సవాన్ని ఆరంభించింది. 1992లో తైవాన్ వ్యాపారుల సంస్థ 'కాంగ్ షిఫు' తియెంజిన్‌లో ఇదే రుచి గల తక్షణ నూడుల్స్ అమ్మకం మొదలుపెట్టడంతో, సిచువాన్ పేరు పెట్టుకొన్న తైవాన్ వంటకం చైనాలో ఇంటింటికీ చేరింది.

చైనా వాయవ్య ప్రాంతానికి చెందిన లాంజౌ గోమాంసపు నూడుల్స్ వేరు. అవి హుయీ ముస్లింల వంటకం. దాని పులుసు తేటగా ఉంటుంది.

కావలసిన పదార్థాలు

నలుగురికి ఒక కిలో మాంసం, 400 గ్రాముల ఎండు గోధుమ నూడుల్స్ సరిపోతాయి. మాంసం పిక్క కండ అయితే శ్రేష్ఠం. అందులోని నరాలవంటి బంధక కణజాలం ఉడికే కొద్దీ జెలటిన్‌గా మారి పులుసుకు చిక్కదనాన్ని ఇస్తుంది. కొవ్వు లేని మెత్తని కండ ఇంతసేపు ఉడికితే పీచుగా ఎండిపోతుంది.

రుచికి మూలం దోబాన్‌జ్యాంగ్ అనే ముద్ద. ఒక జాతి వెడల్పు చిక్కుడు గింజలు, ఎర్ర మిరపకాయలు, ఉప్పు కలిపి జాడీలలో నెలల తరబడి, మేలు రకమైతే ఏడాదికి పైగా మాగబెట్టి దీనిని చేస్తారు. చెంగ్డూ సమీపాన గల పీషియెన్ దీనికి ప్రసిద్ధి. మన కొరివికారం దీనికి దూరపు చుట్టమనిపించినా, చింతపండు పులుపు ఉన్నందున బదులుగా పనికిరాదు.

ముద్ద రెండు పెద్ద చెంచాలు, సోయా సాస్ ఆరు పెద్ద చెంచాలు, బియ్యపు సారా పావు కప్పు, పటికబెల్లం 25 గ్రాములు, పెద్ద అల్లం ముక్క, ఆరు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు ఉల్లికాడలు, రెండు టమాటాలు, నాలుగు ఎండుమిరపకాయలు, మూడు అనాసపువ్వులు, చిన్న దాల్చినచెక్క, ఒక చిన్న చెంచా సిచువాన్ మిరియాలు తీసుకోవలెను. ఈ చివరివి నిజానికి మిరియాలు కావు. నాలుకపై తిమ్మిరి కలిగించే ఒక చెట్టు కాయల తొక్కలు. ఆ ప్రజాతికే చెందిన మన చెట్టు రచ్చమాను. దాని శాస్త్రీయ నామంలోని 'రెట్సా' అనే మాట ఆ తెలుగు పేరు నుండి వచ్చినదే.

తయారు చేయు విధానం

మాంసాన్ని నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, చన్నీళ్ళలో వేసి మరిగించవలెను. ఐదు నిమిషాలలో పైకి తేలిన మురికి నురగతో సహా ఆ నీటిని పారబోసి, ముక్కలను కడగవలెను. ఈ పని మానితే పులుసు మడ్డిగా ఉంటుంది.

మందపాటి గిన్నెలో మూడు పెద్ద చెంచాల నూనె కాచి అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు వేయించవలెను. తరువాత సెగ తగ్గించి చిక్కుడు ముద్ద వేయవలెను. వంట అంతటిలో శ్రద్ధ చూపవలసిన ఘట్టం ఇది. నూనె ఎర్రబడి పచ్చివాసన పోవడానికి రెండు నిమిషాలు చాలును. మాడితే వచ్చే చేదు ఎంత పటికబెల్లం వేసినా పోదు. అందుకే పెద్ద సెగపై తొందరపడరాదు.

ఆపై టమాటాలు, మాంసం, సారా, సోయా సాస్, పటికబెల్లం వేసి కలిపి, రెండున్నర లీటర్ల వేడినీళ్ళు పోయవలెను. సుగంధ ద్రవ్యాలను, ఎండుమిరపకాయలను పలుచని గుడ్డలో మూటగట్టి వేయవలెను. ఒకసారి మరిగిన తరువాత, అక్కడక్కడ బుడగ లేచేటంత చిన్న సెగపై రెండు నుండి రెండున్నర గంటలు ఉంచవలెను. ప్రెషర్ కుక్కర్‌లో నలభై నిమిషాలు పట్టును గాని, మూత తీసి మరికొంతసేపు కాచితే తప్ప పులుసు చిక్కబడదు. ముద్దలోను, సోయా సాస్‌లోను ఉప్పు ఉన్నందున చివర రుచి చూచి, అవసరమైతేనే ఉప్పు వేయవలెను. గోమాంసం తిననివారు గొర్రె కాలి మాంసంతో ఇదే పద్ధతిన వండుకోవచ్చును, గంటన్నర చాలును.

నూడుల్స్‌ను వేరే నీటిలోనే ఉడికించవలెను. పులుసులో ఉడికిస్తే పిండి దిగి అది గంజివలె అవుతుంది. వడగట్టిన నూడుల్స్‌పై మాంసం, పులుసు పోసి, ఉడికించిన ఆకుకూర, తరిగిన ఉల్లికాడలు, కొత్తిమీర వేస్తారు. తైవాన్‌లో పులియబెట్టిన ఆవకూరను నూనెలో వేయించి పక్కన పెడతారు. దాని పులుపు కొవ్వు వెగటును తగ్గిస్తుంది. మిగిలిన పులుసును చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి కొవ్వు పైన గడ్డకడుతుంది. దానిని సులభంగా తీసివేయవచ్చును.