సముద్రములు దాటివచ్చిన బంతి

ధర్మసాధనములలో శరీరము మొదటిదని కాళిదాసు కుమారసంభవమున, బ్రహ్మచారి వేషమున వచ్చిన శివునిచేత పార్వతికి చెప్పించినాడు. తపస్సు చేయు కన్యకు చెప్పిన మాట చదువుకొను పిల్లవానికిని వర్తించును. అయినను చదువు వేరు, ఆట వేరు అను అభిప్రాయము మనలో చిరకాలముగా పాతుకొని ఉన్నది. బంతి వెంట పరుగిడువాడు పుస్తకమునకు దూరమగునని తలచు పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. ఈ రెండును ఒకే విద్యకు రెండు చేతులని చాటుటకు అనేక దేశముల ఉపాధ్యాయులు నూరేండ్లకు పైగా కలిసి పాటుపడిరి. గ్రామములలో సాయంకాలము యువకులు ఆడు వాలీబాల్ ఆట పుట్టుపూర్వోత్తరములను విచారించినచో ఆ కృషి చరిత్ర తేటపడును.

1844వ సంవత్సరమున లండను నగరములో బట్టల దుకాణమున పనిచేయు జార్జి విలియమ్స్ అను యువకుడు తన తోడివారితో కలిసి క్రైస్తవ యువజన సంఘమును స్థాపించెను. వై.ఎం.సి.ఏ. అని లోకమెరిగిన సంఘమిదియే. ఇది కొలది కాలములోనే అమెరికాకు ప్రాకెను. ఆ దేశమున మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున ఈ సంఘమువారి శిక్షణ పాఠశాల యుండెను. అందు వ్యాయామశాఖకు పెద్దయైన లూథర్ గ్యులిక్, శరీరము, మనస్సు, ఆత్మ అను మూడు భుజములు గల త్రికోణమును తమ ఆశయమునకు గుర్తుగా నిలిపెను. చలికాలమున ఇంటిలోపల ఆడదగిన ఆట నొకదానిని కల్పింపుమని ఆయన కోరగా, 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. నైస్మిత్ కెనడా దేశీయుడు. ఆ ఆట మొదటిసారి ఆడిన విద్యార్థులలో ఒక జపాను యువకుడును ఉండెను. ఆట పుట్టిన దినముననే దానికి మూడు దేశముల స్పర్శ కలిగినదన్నమాట.

ఆ పాఠశాలలో చదివిన విలియమ్ మోర్గన్ సమీపమునగల హోలియోక్ పట్టణమున వ్యాయామాధికారి యయ్యెను. అతని యొద్దకు వచ్చువారిలో నడివయస్సు దాటిన వర్తకులు పెక్కుమంది. ఒకరి నొకరు త్రోసికొని పరుగులెత్తు బాస్కెట్‌బాల్ వారి వయస్సునకు మించినది. కావున మోర్గన్ 1895లో నడుమ ఒక వల కట్టి, బంతిని చేతితో కొట్టుచు వల మీదుగా అవతలికి పంపు ఆటను ఏర్పరచెను. నాటి వల ఎత్తు ఆరున్నర అడుగులు. మొదట దానికి మింటొనెట్ అని పేరుండెను. 1896లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్రదర్శించినప్పుడు చూచిన పండితుని సూచనపై వాలీబాల్ అను పేరు వచ్చెను. వయస్సు మళ్లినవారి ఆరోగ్యము కొరకు పుట్టిన ఆట ఇట్లు యువకుల పాలయ్యెను.

ఆట సముద్రము దాటిన తీరు గమనింపదగినది. 1898లో ఫిలిప్పీను దీవులు అమెరికా ఏలుబడిలోనికి పోయెను. ఏలికల వెంట ఉపాధ్యాయులును వచ్చిరి. వారిలో ఎల్వుడ్ బ్రౌన్ అను యువజన సంఘమువాడు మనీలా నగరమున ఆటల నెలకొల్పెను. 1913లో ఆ నగరముననే దూరప్రాచ్య క్రీడోత్సవము జరిగెను. ఫిలిప్పీను, చైనా, జపాను క్రీడాకారులు ఒకే మైదానమున నిలిచిరి. వాలీబాల్ ఆ ఉత్సవమున ఒక పోటీగా నుండెను. దాతల ఉద్దేశములన్నియు నిష్కల్మషములని చెప్పజాలము. కొందరికి రాజ్యదృష్టి, కొందరికి మతదృష్టి ఉండెను. అయినను పుచ్చుకొన్నవారు వివేకులు. వారు ఆటను మాత్రము గైకొని తమదిగా చేసికొనిరి. బంతిని వల దగ్గర ఒకడు పైకెత్తగా మరియొకడు ఎగిరి బలముగా క్రిందికి కొట్టు విధానము ఫిలిప్పీను యువకులు పెంపొందించినదే. నేడు ఆ దెబ్బ లేనిదే వాలీబాల్ లేదు. శిష్యుడు గురువునకు పాఠము చెప్పిన సందర్భమిది.

సహకారమునకు ఎదురుదెబ్బలును తగిలినవి. దూరప్రాచ్య క్రీడోత్సవములు 1934 వరకు పది పర్యాయములు జరిగెను. 1930లో టోక్యోలో జరిగినదానికి భారత క్రీడాకారులును వెళ్లిరి. జపాను సేనలు చైనా భూభాగమైన మంచూరియాను ఆక్రమించి అచ్చట నిలిపిన ప్రభుత్వమును క్రీడలలో చేర్చుకొనుటను గూర్చి తగవు పుట్టి, ఆ ఉత్సవములు ఆగిపోయెను. తరువాత మహాయుద్ధము వచ్చెను. తెగిన దారమును తిరిగి ముడివేసినది స్వతంత్ర భారతదేశము. గురుదత్ సోంధీ మొదలగువారి కృషిచే 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగెను. పదకొండు దేశములు పాల్గొనెను. మూడేండ్ల క్రితము లండను ఒలింపిక్ క్రీడలకు పిలుపు నోచుకొనని జపానునకు ఢిల్లీలో చోటు లభించెను. నిన్న యుద్ధము చేసిన దేశమువానితో నేడు పందెమున పరుగిడుట కేవలము వినోదము కాదు, అది ఒక విద్య.

ఇక మన చెంతకు వచ్చిన కథ. 1920లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే శిక్షణ పొందిన హారీ క్రో బక్ అను అమెరికను మద్రాసు నగరమున వ్యాయామోపాధ్యాయుల పాఠశాలను ప్రారంభించెను. మొదట విద్యార్థులు ఐదుగురు. భవనములు తాత్కాలికములు, పరికరములు స్వల్పములు. తరువాత అది నందనమున విశాలమైన స్థలమున స్థిరపడి కళాశాలగా పెరిగెను. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టునకు బక్ నిర్వాహకుడు. ఆ ప్రయత్నమునకు వెన్నెముకగా నిలిచిన దొరాబ్జీ టాటా 1927లో ఏర్పడిన భారత ఒలింపిక్ సంఘమునకు తొలి అధ్యక్షుడయ్యెను. బక్ తన జీవితశేషమును మద్రాసులోనే గడపి 1943లో మరణించెను.

ఆంధ్ర జిల్లాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రములో నుండుటచే, ఇచ్చటి యువకులు పలువురు ఆ కళాశాలలో చదివి పాఠశాలలకు ఉపాధ్యాయులై వచ్చిరి. డ్రిల్లు మాస్టారని పిల్లలు పిలిచినది వీరినే. ఈల, బంతి, వల, సున్నపు గీతలు ఇవే వారి సామగ్రి. లెక్కల ఉపాధ్యాయునికి దక్కిన మన్నన వారికి దక్కలేదు. పరీక్షలు సమీపించినప్పుడు మొదట తీసివేయబడునది వారి గంటయే. అయినను పల్లెలకు వాలీబాల్ వచ్చిన త్రోవలలో వారిది పెద్దత్రోవ. ఆ శ్రమ వ్యర్థము కాలేదు. 1951లో భారత వాలీబాల్ సమాఖ్య ఏర్పడెను. భారత పురుషుల జట్టు 1958 టోక్యో ఆసియా క్రీడలలో కాంస్యమును, 1962 జకార్తాలో రజతమును గెలుచుకొనెను.

పుచ్చుకొనుటయే కాక మన దేశము ఇచ్చినదియు కలదు. 1914లో అమరావతి నగరమున, అనగా విదర్భలోని అమరావతిలో, స్థాపితమైన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు 1936లో బెర్లిన్ నగరమునకు పోయి కబడ్డీ మొదలగు దేశీయ క్రీడలను ప్రదర్శించిరి. 2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినముగా ప్రకటించునప్పుడు 177 దేశములు ఆ తీర్మానమునకు తోడు నిలిచెను. జమ యెంతయో ఖర్చు నంత చూపగల లెక్కయే నిలుచు లెక్క.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 1947లో పారిస్‌లో 14 దేశములు కూడి అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్యను స్థాపించెను. 1964లో టోక్యో నగరమున ఈ ఆట మొదటిసారి ఒలింపిక్ క్రీడలలో చేరెను. ఆనాడు స్త్రీల విభాగమున సోవియట్ రష్యాను ఓడించి స్వర్ణము గెలిచిన జపాను జట్టులో అధికులు ఒక నూలుమిల్లులో ఉద్యోగినులు. పగలు పని, ఆ పిదప రాత్రి ప్రొద్దుపోవు వరకు అభ్యాసము. నేలపై దొర్లి బంతిని అందుకొని వెంటనే లేచి నిలుచు నేర్పును వారు ప్రపంచమునకు నేర్పిరి. శిక్షకుడు దైమత్సు మిక్కిలి కఠినుడని విమర్శయు కలదు. కాని వల ఎత్తు కొంత తగ్గించినచో ఆట స్త్రీలదియు అగునని లోకమంతయు చూచెను. మన గ్రామములలో మాత్రము సాయంకాలపు మైదానము నేటికిని మగపిల్లలదే. ఆడపిల్ల పదవ తరగతి దాటినంతనే బంతికి దూరమగుచున్నది. ఈ లోటును పూరింపక సహకార ఫలము సగమే మనకు చేరినట్లు.

1978 నవంబరులో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ, అనగా యునెస్కో, వ్యాయామవిద్యా క్రీడలపై ఒక అంతర్జాతీయ శాసనపత్రమును ఆమోదించెను. వ్యాయామవిద్య ప్రతి మనుష్యునికిని ప్రాథమిక హక్కని దాని మొదటి అంశము. 2015లో దానిని సవరించి విస్తరించిరి. ఐదు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలు దినమునకు సగటున అరువది నిమిషములు శరీరము అలయునట్లు కదలవలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో చెప్పెను. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశముల లెక్కలు కూర్చి 2019లో ప్రకటించిన ప్రకారము, పదకొండు నుండి పదునేడేండ్ల వయస్సువారిలో నూటికి 81 మంది అంతమాత్రమును కదలుటలేదు. హక్కు కాగితముపై ఉన్నది. కాళ్లు మాత్రము గదిలో ఉన్నవి.

మన దేశమున 2009 నాటి నిర్బంధ ఉచిత విద్యా చట్టము చివర ఒక పట్టిక కలదు. ప్రతి పాఠశాలకు ఉండవలసినవానిని అది లెక్కించినది. అందు ఆటస్థలమును కలదు, గ్రంథాలయమును కలదు. రెండును ఒకే పట్టికలో చేరుట యాదృచ్ఛికము కాదు. వాలీబాల్ ఆటస్థలము పొడవు పదునెనిమిది మీటర్లు, వెడల్పు తొమ్మిది మీటర్లు. అనగా నాలుగు సెంట్లు. చుట్టును మూడేసి మీటర్లు విడిచినను తొమ్మిది సెంట్లు చాలును. అమెరికా, ఫిలిప్పీను, జపాను, మద్రాసు అను ఇన్ని చోట్ల చేతులు మారి వచ్చిన విద్యకు మన గ్రామము ఇయ్యవలసిన చోటు అంతియే. ఖాళీ స్థలమని దానిలో గడ్డివాము వేసినను, దుకాణము పెట్టినను, సర్వే రాయి జరిపినను ఆ గొలుసులో చివరి కడియము తెగును. పుస్తకముల బీరువాకు తాళమున్నది, మైదానమునకు తాళము లేదు. ఊరివారి కన్నే దానికి కాపలా.

ఈ ఆటలో ఆరుగురును వరుసగా చోటు మారవలెను. ముందు నిలిచి కొట్టినవాడు వెనుకకు పోయి అందుకొనవలెను. బంతిని పట్టి నిలుపుకొన్నవానిది తప్పుగా ఎంచబడును. గ్రంథాలయ సభ్యులకు ఈ నియమము కొత్తది కాదు. తీసికొన్న పుస్తకమును చదివి, చినుగకుండ తిరిగి ఇచ్చి, తరువాతివానికి అందునట్లు చేయుటయే వారు ప్రతిదినము చేయుచున్న పని. పుస్తకము విషయమున నేర్చిన ఈ మర్యాదను మైదానము విషయమునను పాటించి, తొమ్మిది సెంట్ల నేలను ఆడపిల్లలకు మగపిల్లలకు సమముగా నిలిపి ఇచ్చిననాడు, సముద్రములు దాటివచ్చిన బంతి మన ఊరిలో ఆగిపోక ముందునకు సాగును.